సర్ఫేస్ మ్యాప్ చదివి స్టార్మ్ చేజింగ్: టెక్సస్, ఓక్లహోమా మైదానాలకు సమగ్ర మార్గదర్శి

మే నెలలో టెక్సస్ ప్యాన్‌హ్యాండిల్ (ఆ రాష్ట్రపు ఉత్తర కొస) నుంచి ఓక్లహోమా దాకా టోర్నడోల వెంట వెళ్లాలనుకునేవాళ్లు చాలామంది పొద్దున లేవగానే వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్ తెరుస్తారు. సాయంత్రం ఆరింటికి ఫలానా కౌంటీ మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే కారు అటే తిప్పుతారు. ఆ మచ్చ కంప్యూటర్ వేసిన లెక్క. తర్వాతి రన్‌లో అది వంద మైళ్లు పక్కకు జరిగినా ఆశ్చర్యం లేదు. నేల మీద నిలబెట్టిన థర్మామీటర్, గాలి కొలిచే పరికరం మాత్రం ఆ నిమిషాన అక్కడ నిజంగా ఉన్నదే చెబుతాయి. అందుకే నా సలహా ఒక్కటే: గంటగంటకూ సర్ఫేస్ మ్యాప్, అంటే నేల మీది రీడింగుల పటం, మీ చేత్తో మీరే గీయండి, మోడల్‌ని దాని పక్కన పెట్టి చూడండి.

1948 మార్చి 25న ఓక్లహోమా సిటీ పక్కనున్న టింకర్ వైమానిక స్థావరంలో ఎర్నెస్ట్ ఫాబుష్, రాబర్ట్ మిల్లర్ అనే ఇద్దరు అధికారులు టోర్నడో వస్తుందని ముందే చెప్పారు, ఆ సాయంత్రం అది వచ్చింది. వాళ్లకి కంప్యూటర్ మోడల్ లేదు. చేత్తో గీసిన పటాలు, ఐదు రోజుల ముందు అదే స్థావరాన్ని దెబ్బతీసిన టోర్నడో రోజు పటాలతో పోలిక, అంతే. ఇప్పుడు మన చేతిలో వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ డేటా ఉంది. దాన్ని చదివే ఓపికే కావాలి.

డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్‌లలో ఉన్న తెలుగువాళ్లకి ఈ మైదానాలు కారులో కొన్ని గంటల దూరం. ఫోర్ట్ వర్త్ నుంచి 287 హైవే ఎక్కితే విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా నేరుగా అమరిల్లో చేరుస్తుంది. చేజింగ్ మీద ఆసక్తి లేనివాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. 2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డాలస్ మీదుగా టోర్నడో వెళ్లింది కదా, అలాంటి రోజున ఏం జరుగుతోందో మీ అంతట మీకు అర్థమవుతుంది.

ముందుగా గడియారం, తర్వాత డేటా

వాతావరణ పటాలన్నీ జెడ్ టైమ్‌లో ఉంటాయి, అంటే గ్రీనిచ్ సమయం. వేసవిలో సెంట్రల్ టైమ్ కావాలంటే అందులోంచి 5 గంటలు తీసేయాలి. 12జెడ్ అంటే ఉదయం 7, 18జెడ్ అంటే మధ్యాహ్నం 1, 00జెడ్ అంటే సాయంత్రం 7. న్యూ మెక్సికో, కొలరాడో మౌంటెన్ టైమ్‌లో ఉంటాయి, సరిహద్దు దాటితే ఇంకో గంట తేడా వస్తుంది. ఇది అలవాటయ్యేదాకా కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అంటించుకోండి.

డేటా మూడు చోట్ల నుంచి తీసుకోవాలి. మొదటిది విమానాశ్రయాల రిపోర్టులు, వీటినే మెటార్ అంటారు. చాలా స్టేషన్లు గంటకి ఏడెనిమిది నిమిషాల ముందు రిపోర్టు ఇస్తాయి కాబట్టి ప్రతి గంటా దాటిన ఐదు నిమిషాలకి తాజా మ్యాప్ గీసుకోవచ్చు. రెండోది మెసోనెట్‌లు, అంటే ఒక ప్రాంతంలో దగ్గరదగ్గరగా నిలబెట్టిన వాతావరణ స్టేషన్ల సమూహాలు. ఓక్లహోమా మెసోనెట్ 1994లో మొదలైంది. ఆ రాష్ట్రంలోని 77 కౌంటీల్లో ప్రతిదానిలో కనీసం ఒక స్టేషన్ ఉంది, మొత్తం 120 దాకా ఉన్నాయి, ఐదు నిమిషాలకొకసారి డేటా వస్తుంది. లబ్బక్‌లోని టెక్సస్ టెక్ యూనివర్సిటీ వెస్ట్ టెక్సస్ మెసోనెట్‌ని నడుపుతుంది, కాన్సస్‌కి వేరే మెసోనెట్ ఉంది. విమానాశ్రయాల మధ్య యాభై, అరవై మైళ్ల ఖాళీలుంటాయి, మనకు కావలసిన గీతలు, అంటే రెండు రకాల గాలులు కలిసే బౌండరీలు, సరిగ్గా ఆ ఖాళీల్లోనే దాక్కుంటాయి. వాటిని పట్టించేది మెసోనెట్లే.

మూడోది అధికారిక విశ్లేషణ. నార్మన్‌లోని స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్, అంటే ఎస్‌పీసీ, రోజువారీ అవుట్‌లుక్‌ని (తీవ్రమైన స్టార్మ్‌ల అంచనాని) సెంట్రల్ టైమ్‌లో రాత్రి 1, ఉదయం 8, 11:30, మధ్యాహ్నం 3, రాత్రి 8 గంటలకు ఇస్తుంది. రంగుల మ్యాప్ చూసి వదిలేయకండి, కింద రాసిన వివరణ చదవండి. ఏ బౌండరీ మీద వాళ్ల దృష్టి ఉందో అందులోనే ఉంటుంది. వెదర్ ప్రిడిక్షన్ సెంటర్ మూడు గంటలకొకసారి ఫ్రంట్‌లు (వేడిగాలికీ చల్లటి గాలికీ మధ్య పెద్ద సరిహద్దులు) గీసిన మ్యాప్ ఇస్తుంది. దేశం మొత్తం మీద పరిస్థితి తెలుసుకోవడానికి అది మంచిదే, కానీ ఇరవై మైళ్ల వెడల్పున్న చిన్న బౌండరీ అందులో దొరకదు. ఎస్‌పీసీ మెసోఅనాలిసిస్ పేజీ విషయంలో ఒక జాగ్రత్త ఉంది: అందులో సర్ఫేస్ రీడింగులతో పాటు మోడల్ కూడా కలిసి ఉంటుంది. చూడటానికి అంతా కొలిచినట్టే కనిపిస్తుంది గానీ పైపొరల విలువలు ఎక్కువగా మోడల్‌వే.

స్టేషన్ ప్లాట్ చదవడం

మ్యాప్ మీద ప్రతి స్టేషన్ ఒక చిన్న వృత్తం. పైన ఎడమవైపు ఉష్ణోగ్రత, కింద ఎడమవైపు డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో చెప్పే ఉష్ణోగ్రత), అమెరికాలో రెండూ ఫారన్‌హీట్‌లోనే. పైన కుడివైపు మూడంకెల పీడనం. వృత్తం ఎంత నిండితే ఆకాశంలో అంత మబ్బు. వృత్తం నుంచి బయటికి వచ్చే పుల్ల గాలి ఎటు నుంచి వస్తోందో అటు చూపిస్తుంది. దాని మీద పొడుగు గీత 10 నాట్లు, పొట్టి గీత 5 నాట్లు, త్రికోణం 50 నాట్లు.

పీడనం దగ్గర కొత్తవాళ్లు తికమక పడతారు. 046 అని ఉంటే ముందు 10 చేర్చి 1004.6 మిల్లీబార్లని చదవాలి. 987 అని ఉంటే ముందు 9 చేర్చి 998.7 అనాలి. మూడంకెల సంఖ్య 500 కంటే తక్కువైతే 10, ఎక్కువైతే 9. ఇంకొకటి, అమరిల్లో సుమారు 3,600 అడుగుల ఎత్తులో ఉంది, ఓక్లహోమా సిటీ సుమారు 1,300 అడుగుల్లో ఉంది. పడమటి ఎత్తయిన స్టేషన్లలో సముద్రమట్టానికి సరిచేసిన పీడనం వేడిని బట్టి కొంత తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ ఒక్క స్టేషన్ అంకెని నమ్మి అల్పపీడన కేంద్రాన్ని గుర్తించకండి. చుట్టూ గాలులు దాని వైపు తిరుగుతున్నాయా అన్నది చూడండి.

ఒక్కోసారి ఒకే స్టేషన్‌లో డ్యూ పాయింట్ 72 అని, చుట్టుపక్కలంతా 63 అని కనిపిస్తుంది. పక్కన నీళ్లు పెట్టిన పొలం ఉండొచ్చు, సెన్సర్ పాడై ఉండొచ్చు. పక్కనున్న మూడు స్టేషన్లు ఒప్పుకోని అంకెని కొట్టేయండి. అదే స్టేషన్ మూడు, నాలుగు గంటలుగా గాలి దిశతో సహా వేరే కథ చెబుతుంటే మాత్రం తొందరపడి కొట్టేయొద్దు. అక్కడ నిజంగానే ఏదో ఉంది.

పెన్సిల్ పట్టుకోండి

రంగుల ఐసోబార్లను, అంటే సమాన పీడనం ఉన్న చోట్లని కలిపే గీతలని, కంప్యూటర్ క్షణంలో గీస్తుంది. అయినా చేత్తో గీయమనడానికి కారణం ఉంది. గీస్తున్నప్పుడు ప్రతి స్టేషన్ దగ్గర కన్ను ఆగుతుంది, ఇక్కడ గాలి ఎందుకిలా తిరిగింది అన్న ప్రశ్న పుడుతుంది. కంప్యూటర్ విలువలని నునుపుగా చేసేస్తుంది. మనకు కావలసింది ఆ నునుపులో కొట్టుకుపోయే గరుకు.

నేను మొదట డ్యూ పాయింట్ గీతలు ఆకుపచ్చలో వేస్తాను: 55, 60, 65, 70. ఒకే చోట గీతలు దగ్గరగా గుమిగూడాయంటే అక్కడ బౌండరీ ఉన్నట్టే. తర్వాత గాలులు. పక్కపక్క స్టేషన్లలో గాలులు ఎదురెదురుగా వచ్చి కలుస్తుంటే అక్కడ గాలికి పైకి లేవడం తప్ప దారి లేదు, మబ్బు పుట్టేది అక్కడే. ఆ తర్వాతే పీడనం. మామూలు మ్యాపుల్లో 4 మిల్లీబార్లకొక గీత ఉంటుంది, చేజింగ్‌కి అది చాలదు, 2 మిల్లీబార్లకొకటి వేయండి. చివరికి ఉష్ణోగ్రతలు ఎర్రటి గీతలతో. మధ్యాహ్నం ఒకచోట 84, నలభై మైళ్ల ఉత్తరాన 71 ఉంటే, పొద్దున కురిసిన వాన వదిలిన చల్లటి గాలి ఇంకా అక్కడే ఉందన్నమాట.

పీడనం ఎంత ఉందన్నదానికంటే మూడు గంటల్లో ఎంత తగ్గిందన్నది ఎక్కువ చెబుతుంది. కానీ ఏ రోజైనా, ఎంత ప్రశాంతమైన రోజైనా, పీడనం ఉదయం పదింటి ప్రాంతంలో ఎక్కువగా ఉండి సాయంత్రం నాలుగైదింటికి తగ్గుతుంది. ఇది రోజూ జరిగే ఆటుపోటు లాంటిదే. కాబట్టి మధ్యాహ్నం అన్ని స్టేషన్లలో 2 మిల్లీబార్లు తగ్గితే అందులో విశేషం లేదు. అన్నిచోట్లా 2 తగ్గి ఒక మూల 4 తగ్గితే ఆ మూల వృత్తం చుట్టండి. గాలి అటు వైపు మళ్లుతుంది. నైరుతి గాలి దక్షిణానికి, దక్షిణపు గాలి ఆగ్నేయానికి తిరుగుతుంది. చేజర్లు దీన్ని బ్యాకింగ్ అంటారు.

బ్యాకింగ్ కోసం ఎందుకింత ఆరాటం అంటే, ఐదారు కిలోమీటర్ల ఎత్తున గాలి పడమర నుంచో నైరుతి నుంచో బలంగా వీస్తుంటుంది. నేల దగ్గర గాలి ఆగ్నేయం నుంచి వస్తే, కిందికీ పైకీ దిశ బాగా మారుతుంది. ఆ మార్పు వల్ల గాలిలో అడ్డంగా ఒక తిరుగుడు ఉంటుంది. స్టార్మ్‌లోకి లేచే గాలి దాన్ని నిలువుగా ఎత్తుతుంది. తనలో తాను తిరిగే పెద్ద స్టార్మ్‌ని సూపర్‌సెల్ అంటారు, అది తిరగడానికి మూలం ఇదే. నేల గాలి నైరుతికి మళ్లిన చోట అదే రోజున అంత తిరుగుడు ఉండదు.

డ్రైలైన్

ఈ మైదానాల్లో అన్నిటికంటే ముందు వెతకాల్సింది డ్రైలైన్. దానికి తూర్పున గల్ఫ్ నుంచి వచ్చిన తేమగాలి, పడమరన మెక్సికో పీఠభూమి, ఎడారి వైపు నుంచి వచ్చిన పొడిగాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకి మే నెలలో పడమటి గాలికీ సముద్రపు గాలికీ తేడా ఒంటికే తెలుసు. ఇక్కడ ఆ రెండూ పక్కపక్కనే వీస్తుంటాయి, మధ్యలో కొద్ది మైళ్ల గీత. కారులో ఆ గీత దాటితే డ్యూ పాయింట్ 60ల నుంచి 20లకి పడిపోయిన రోజులుంటాయి.

మ్యాప్ మీద 55 డ్యూ పాయింట్ గీతతో మొదలుపెట్టండి. దాని పక్కన గాలి మారిందా చూడండి: తూర్పున ఆగ్నేయం లేదా దక్షిణం, పడమరన నైరుతి లేదా పడమర. రెండూ కుదిరితేనే డ్రైలైన్ అని గోధుమరంగులో గీయండి. డ్యూ పాయింట్ మెల్లగా తగ్గుతూ గాలి ఎక్కడా మారకపోతే అది తేమ పలచబడటం మాత్రమే. దాని మీద మబ్బు లేవదు.

డ్రైలైన్ పగలు తూర్పుకి జరుగుతుంది, రాత్రి పడమరకి వెనక్కి వస్తుంది. దీన్ని గాలి తోస్తుందనుకుంటారు చాలామంది, అసలు కారణం నేల వాలు. తూర్పు నుంచి పడమరకి నేల ఎత్తు పెరుగుతూ పోతుంది కాబట్టి గల్ఫ్ తేమ పొర పడమటి అంచున పలచగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పైనున్న పొడిగాలి ఆ పలుచటి పొరలో కలిసి తేమని తినేస్తుంది. అందుకే డ్రైలైన్ ఒక్కోసారి గంటలో ముప్ఫై, నలభై మైళ్లు ఎగిరినట్టు తూర్పుకి వస్తుంది. ఉదయం ఎక్కడుందో చూసి సాయంత్రం అక్కడే ఉంటుందని కూర్చుంటే లాభం లేదు. ఎక్కడ తేమ పలచగా ఉందో ముందే గుర్తించాలి.

డ్రైలైన్ తిన్నగా ఉండదు. ఒకచోట తూర్పుకి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి ఈశాన్యంగా గాలులు బ్యాక్ అయి ఎదురెదురుగా కలుస్తాయి. మొదటి మబ్బు తరచూ అక్కడే లేస్తుంది.

అవుట్‌ఫ్లో బౌండరీ

నా దృష్టిలో చేజింగ్‌లో అతి విలువైన గీత ఇదే, మోడళ్లు అతి తరచుగా తప్పిపోయే గీతా ఇదే. రాత్రి, తెల్లవారుజామున కురిసిన వానలు చల్లటి గాలిని నేల మీద పరిచి వెళ్తాయి. ఆ చల్లటి గాలి అంచే అవుట్‌ఫ్లో బౌండరీ. వాన వెళ్లిపోయాక కూడా అది గంటల తరబడి అక్కడే ఉంటుంది. పొద్దున వాన ఎక్కడ పడిందో మోడల్ తప్పు లెక్క వేస్తే బౌండరీ కూడా తప్పు చోటే వేస్తుంది. ఆ రోజంతటికీ మోడల్ పనికిరాదు.

టోర్నడోల మీద 1994, 1995 వసంతాల్లో వోర్టెక్స్ అనే పెద్ద క్షేత్ర పరిశోధన జరిగింది. 1995 కేసులని తర్వాత విశ్లేషించినప్పుడు, బలమైన టోర్నడోల్లో దాదాపు 70 శాతం ఇలాంటి బౌండరీల దగ్గరే వచ్చాయని తేలింది. వాటిలో ఎక్కువ బౌండరీకి చల్లటి వైపున, ముప్ఫై కిలోమీటర్లలోపే. అంటే బౌండరీ మీదా, దానికి కాస్త ఉత్తరాన చల్లటి అంచులోనూ ఉండే స్టార్మ్‌ని గమనించాలి. ఆ అంచున గాలి తూర్పుకి బ్యాక్ అయి ఉంటుంది, మబ్బు అడుగు కిందికి ఉంటుంది, కానీ చల్లదనం ఇంకా మరీ ముదిరి ఉండదు. అక్కడి నుంచి ఇంకా లోపలికి పోతే చల్లటి గాలే స్టార్మ్‌ని చంపేస్తుంది.

దాన్ని కనిపెట్టాలంటే మ్యాప్ ఒక్కటే చాలదు. గోస్ అనే వాతావరణ ఉపగ్రహం విజిబుల్ చిత్రాలని మ్యాప్ పక్కన పెట్టుకోండి. వేడెక్కిన వైపు చిన్నచిన్న మబ్బులు వరసలుగా లేస్తాయి. చల్లటి వైపు ఖాళీగా ఉంటుంది, లేదా పరుచుకున్న అలల్లాంటి మబ్బు ఉంటుంది. రాడార్‌కి దగ్గరగా ఉంటే దాని మీద సన్నటి గీత కూడా కనిపిస్తుంది. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ పైకి పోతుంది కాబట్టి దూరాన ఆ గీత కనపడదు. కనపడలేదని లేదనుకోవద్దు. ఈ మూడూ ఒకే చోట ఒప్పుకుంటే ఆ గీతని మందంగా వేయండి.

వార్మ్ ఫ్రంట్‌కి (చల్లటి గాలిని వెనక్కి నెడుతూ వచ్చే వేడిగాలి అంచుకి) కూడా ఇదే లెక్క వర్తిస్తుంది, పరిమాణం పెద్దది, అంతే. దాని మీద స్టార్మ్ తొందరగా ఉత్తరానికి దాటిపోయి చల్లటి గాలి మీదికి ఎక్కితే నేలతో సంబంధం తెగుతుంది, వడగళ్లు వస్తాయి గానీ టోర్నడో రాదు. కోల్డ్ ఫ్రంట్ మీద స్టార్మ్‌లు తొందరగా ఒకదానికొకటి అతుక్కుని వరుస కడతాయి, చూడటానికి, వెంట వెళ్లడానికి తక్కువ అవకాశం. డ్రైలైన్, వార్మ్ ఫ్రంట్ లేదా అవుట్‌ఫ్లో బౌండరీ కలిసే మూలని ట్రిపుల్ పాయింట్ అంటారు. గమ్యం ఎంచుకోవడంలో అనుమానం ఉన్న రోజున దానికి కాస్త తూర్పున కూర్చోండి.

తేమ నిలుస్తుందా

ఉదయం డ్యూ పాయింట్ 66 చూసి సంబరపడేవాళ్లు మధ్యాహ్నం అదే చోట 57 చూసి దిగులు పడతారు. తేమ పొర ఎంత లోతుందో స్టేషన్ చెప్పదు, రెండు మీటర్ల లోపు ఎత్తులో ఉన్న తేమనే కొలుస్తుంది. లోతు తెలియాలంటే ఉదయం 12జెడ్ బెలూన్ సౌండింగ్, అంటే బెలూన్ పైకి పోతూ పంపే రీడింగులు, చూడాలి. ఫోర్ట్ వర్త్, నార్మన్, అమరిల్లో, డాడ్జ్ సిటీలలో రోజుకి రెండుసార్లు బెలూన్ వదులుతారు. తేమ పొర నేల నుంచి కిలోమీటరు పైదాకా ఉంటే మధ్యాహ్నం ఎండకి నిలుస్తుంది. మూడు వందల మీటర్లే ఉంటే కరిగిపోతుంది.

సౌండింగ్‌లోనే ఇంకో సంగతి తెలుస్తుంది: క్యాప్. పైన ఉన్న వేడిగాలి పొర మూతలా కూర్చుంటే, నేల మీద తేమ, వేడి, బౌండరీ అన్నీ కుదిరినా సాయంత్రం దాకా నీలాకాశమే మిగులుతుంది. సర్ఫేస్ మ్యాప్ ఈ మూతని చూపించలేదు. దాన్ని ఛేదించడానికి నేల ఎంత వేడెక్కాలో సౌండింగ్‌లో చూసుకుని, ఆ ఉష్ణోగ్రత ఏ స్టేషన్‌లో ముందు వస్తుందో మ్యాప్‌లో కనిపెట్టాలి.

గల్ఫ్ తేమ రాక గురించి రెండు రోజుల ముందు నుంచే చూడండి. కోల్డ్ ఫ్రంట్ గల్ఫ్ లోపలిదాకా వెళ్లి ఉంటే తేమ తిరిగి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కార్పస్ క్రిస్టీ, బ్రౌన్స్‌విల్ డ్యూ పాయింట్లు, సముద్రంలో తేలే పరికరాల (బోయ్‌ల) రీడింగులు 70 దాటకపోతే విచిటా ఫాల్స్‌కి 68 వస్తుందని మోడల్ చెప్పినా నమ్మొద్దు. ఎత్తయిన పడమటి ప్రాంతాలకి మాత్రం తక్కువ డ్యూ పాయింట్ చాలు. తూర్పు కొలరాడోలో 54, 55 ఉన్నా గట్టి స్టార్మ్ వస్తుంది.

మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడికక్కడ లెక్క వేయొచ్చు. ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ తీసేసి, మిగిలిన ప్రతి ఫారన్‌హీట్ డిగ్రీకి సుమారు 70 మీటర్లు వేసుకోండి. 82, 67 ఉంటే తేడా 15, మబ్బు అడుగు వెయ్యి మీటర్ల దగ్గర, టోర్నడోకి అనుకూలం. 92, 60 ఉంటే తేడా 32, రెండు వేల మీటర్లు దాటింది. అక్కడ దుమ్ము లేపే ఈదురుగాలులు, పెద్ద వడగళ్లు ఎక్కువ, టోర్నడో తక్కువ.

ఒక రోజు ఎలా గడుస్తుంది

ఊహకి మే నెల మధ్యలో ఒక రోజు తీసుకుందాం. ఇందులోని అంకెలు పద్ధతి చూపించడానికి వేసుకున్నవి.

ఉదయం 7కి వాయవ్య ఓక్లహోమాలో రాత్రి వానల తోక ఉంది. లబ్బక్‌లో డ్యూ పాయింట్ 61, చిల్డ్రెస్‌లో 64. ఎస్‌పీసీ వివరణ చదవండి, సౌండింగ్‌లో తేమ లోతు, క్యాప్ చూడండి. ఎటూ నిర్ణయించొద్దు. డాలస్‌లో ఉన్నవాళ్లు 287 మీద బయలుదేరవచ్చు, ఎందుకంటే విచిటా ఫాల్స్ చేరాక ఉత్తరానికి 44 హైవే, వాయవ్యానికి 287, రెండు దారులూ తెరిచే ఉంటాయి.

10కి వాన ఆగింది. క్లింటన్‌లో ఉష్ణోగ్రత 68, ఈశాన్య గాలి. ఆల్టస్‌లో 75, ఆగ్నేయ గాలి. మధ్యలో ఎక్కడో బౌండరీ ఉంది. పెన్సిల్‌తో చుక్కల గీత వేయండి.

మధ్యాహ్నం 1కి లబ్బక్‌లో డ్యూ పాయింట్ 38కి పడింది, నైరుతి గాలి 20 నాట్లు. చిల్డ్రెస్‌లో ఇంకా 65. డ్రైలైన్ ఆ రెంటి మధ్యకి వచ్చింది. ఉష్ణోగ్రత చూస్తే క్లింటన్ ఇంకా 73 దగ్గరే ఉంది, ఆల్టస్ 84. ఉపగ్రహంలో 40 హైవే వెంట మబ్బు వరసలు తెగిన చోటు స్పష్టంగా కనిపిస్తోంది. చుక్కల గీతని ఇప్పుడు గట్టిగా వేయండి. అది పడమరన డ్రైలైన్‌ని షామ్‌రాక్ ప్రాంతంలో కలుస్తుంది. గమ్యం షామ్‌రాక్. అక్కడ తూర్పు పడమరలకి 40, ఉత్తర దక్షిణాలకి 83 హైవే ఉన్నాయి.

3 నుంచి గంటకొక మ్యాప్ చాలదు, మెసోనెట్ ఐదు నిమిషాల రీడింగులు చూడండి. బౌండరీ ఉత్తరానికి జరుగుతోందా, దక్షిణానికా? చిల్డ్రెస్ గాలి నైరుతికి మళ్లితే డ్రైలైన్ అక్కడిదాకా వచ్చేసినట్టు, మీరు తూర్పుకి జరగాలి. పీడనం ఎక్కడ గట్టిగా తగ్గుతోంది? చాలామంది ఈ గంటలో దూరాన లేచిన మొదటి మబ్బు వైపు పరిగెడతారు. వంద మైళ్ల అవతల పొడిగాలి అంచున లేచిన మబ్బు కోసం మంచి బౌండరీని వదిలిపెట్టకండి. టెన్షన్ పడకుండా కూర్చోవడం ఈ పనిలో కష్టమైన భాగం.

స్టార్మ్ లేచాక

ఇక్కడి నుంచి సర్ఫేస్ డేటాకి పని మారుతుంది. స్టార్మ్‌లోకి వెళ్లే గాలి ఎలాంటిదో చూడాలి. స్టార్మ్‌కి ఆగ్నేయంగా ఉన్న స్టేషన్‌లో గాలి బలపడుతూ, డ్యూ పాయింట్ నిలబడి ఉంటే అది ఇంకా బతుకుతుంది. స్టార్మ్ వెనక స్టేషన్లలో ఉష్ణోగ్రత ఎంత పడిందో కూడా చూడండి. కొద్ది డిగ్రీలే పడితే టోర్నడోకి అవకాశం ఎక్కువ. ఇరవై, పాతిక డిగ్రీలు పడితే చల్లటి గాలి ముందుకు తోసుకొచ్చి స్టార్మ్ వరుసగా మారే సూచన.

మీ కారు స్టార్మ్‌కి ఆగ్నేయంగా, దక్షిణానికీ తూర్పుకీ దారి ఉండేలా నిలపండి. వాన, వడగళ్ల మధ్యలోంచి దూసుకెళ్లి అవతలికి చేరాలని ఎప్పుడూ ప్రయత్నించొద్దు. రెడ్ రివర్ దగ్గర మరీ జాగ్రత్త. వంతెనలు దూరం దూరంగా ఉన్నాయి: వెర్నన్ వైపు 283, 183 హైవేలు, బర్క్‌బర్నెట్ దగ్గర 44. నది ఏ ఒడ్డున ఉండాలో స్టార్మ్ రాకముందే తేల్చుకోవాలి. ఫోన్లో రాడార్ చిత్రం ఐదు నిమిషాల పాతది కావచ్చు, ఆ ఐదు నిమిషాల్లో టోర్నడో రెండు మూడు మైళ్లు ప్రయాణిస్తుంది.

2013 మే 31న ఎల్ రీనో దగ్గర సాయంత్రం 6:03కి టోర్నడో నేల తాకింది. ముందు ఆగ్నేయానికి వెళ్లి, తర్వాత తూర్పుకి, ఈశాన్యానికి మళ్లి, 2.6 మైళ్ల వెడల్పుకి ఉబ్బింది. ఏళ్ల తరబడి టోర్నడోల మీద పరిశోధన చేసిన టిమ్ సమారస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ అందులో చనిపోయారు. ఆ రోజు స్టార్మ్ ఎక్కడ పుడుతుందో సర్ఫేస్ మ్యాప్ ముందే చెప్పింది. టోర్నడో ఏ నిమిషాన ఎటు తిరుగుతుందో ఏ మ్యాపూ చెప్పదు. కాబట్టి మ్యాప్ మీద ఎంత నమ్మకం కుదిరినా దూరం తగ్గించుకోవద్దు. వాన కప్పేసి టోర్నడో కనిపించకపోతే ఆ స్టార్మ్‌ని వదిలేసి దక్షిణానికి వెళ్లిపోండి. చీకటి పడ్డాక కూడా అంతే. అప్పుడు డ్రైలైన్ పడమరకి వెనక్కి పోతుంది, తేమ మళ్లీ పెరుగుతుంది, పైగాలులు బలపడతాయి, టోర్నడోలు ఆగవు, కానీ మీ కళ్లు పనిచేయవు.

సీజన్ లేని నెలల్లో

అయోవా స్టేట్ యూనివర్సిటీ పాత మెటార్ రిపోర్టులని భద్రపరిచి ఉచితంగా ఇస్తుంది. ఇంట్లో కూర్చుని పాత రోజులు గీయడానికి అంతకంటే మంచి చోటు లేదు. 1999 మే 3తో మొదలుపెట్టండి. ఆ రోజు తెల్లవారుజామున ఎస్‌పీసీ స్లైట్ రిస్క్ (తక్కువ ప్రమాదం) మాత్రమే ఇచ్చింది. మధ్యాహ్నం లోపు మోడరేట్‌కి (ఒక మోస్తరు), దాదాపు నాలుగింటికి హైకి (అతి ఎక్కువ) పెంచింది. డ్రైలైన్ మీద గాలులు బలంగా కలవడం లేదు, పైన పల్చటి మబ్బు ఎండని ఆపుతోంది. అయినా సాయంత్రానికి బ్రిడ్జ్ క్రీక్, మూర్ మీదుగా ఎఫ్5, అంటే అన్నిటికంటే తీవ్రమైన స్థాయి, టోర్నడో వెళ్లి 36 మందిని బలిగొంది.

12జెడ్, 15జెడ్, 18జెడ్, 20జెడ్ మ్యాపులు వరసగా గీయండి. రాడార్, టోర్నడో దారి ముందే చూడొద్దు. నైరుతి ఓక్లహోమాలో గాలి, డ్యూ పాయింట్, పీడనం గంటగంటకీ ఎలా మారాయో రాసుకుని, 20జెడ్ మ్యాప్ మీద మీరైతే కారు ఎక్కడ ఆపేవారో ఒక గుర్తు పెట్టండి. ఆ తర్వాత రాడార్ తెరిచి మొదటి స్టార్మ్ ఎక్కడ లేచిందో దాని పక్కన ఇంకో గుర్తు పెట్టండి.